రైతు భరోసా పైసలు ఎవరి ఖాతాలో పడతాయి? కౌలు భూమిలో ప్రకృతి సాగు చేసేవాళ్లు తెలుసుకోవాల్సిన లెక్క

కనకమామిడి చుట్టుపక్కల పొలాలు చూపిస్తూ చేసిన వీడియోలో జీవామృతం గురించి, బోదెల మీద కూరగాయల గురించి చెప్పాను. అందులో కౌలు భూమి సంగతి రెండు ముక్కల్లో వదిలేయాల్సి వచ్చింది. ఈ పాఠంలో ఆ సంగతే వివరంగా రాస్తున్నాను. ప్రభుత్వం రైతుకు ఇచ్చే పైసలు ఏ లెక్కన వస్తాయి, ఎవరికి వస్తాయి, ఎవరికి రావు, ప్రకృతి వ్యవసాయం చేసే మనం ఆ లెక్కలో ఎక్కడ ఉన్నాం అనేది చూద్దాం.

పైసలు పడ్డ రోజు ఊళ్లో అందరూ అడిగే మాట ఒకటే: "నీకు పడ్డాయా?" పడనివాళ్లు ఏఈఓ దగ్గరికి, బ్యాంకుకి, మీసేవకి తిరుగుతారు. కొందరికి ఆధార్ తప్పు, కొందరికి బ్యాంకు ఖాతా తప్పు. అవి సరిచేసుకోవచ్చు. కానీ చాలామందికి ఎంత తిరిగినా రావు, ఎందుకంటే ఆ పథకం వాళ్లని లెక్కలోకే తీసుకోలేదు. అందుకే ఏ పథకం వచ్చినా ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, ఈ పథకం దేన్ని లెక్కపెడుతోంది? ఎకరాన్నా, కుటుంబాన్నా, బస్తానా?
రెండు, పేరు ఏ కాగితం నుంచి తీసుకుంటోంది?
మూడు, ఆ కాగితంలో లేనివాళ్లు ఎవరు?

ఈ మూడింటికి జవాబు తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది.

రైతు బంధు, రైతు భరోసా: ఎకరం లెక్క, పట్టా పేరు

రైతు బంధు 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర మొదలైంది. మొదట పంటకు ఎకరానికి 4 వేలు, అంటే వానాకాలం, యాసంగి కలిపి ఏడాదికి 8 వేలు. 2019 వానాకాలం నుంచి పంటకు 5 వేలు చేశారు. 2025 జనవరి 26 నుంచి అదే రైతు భరోసా పేరుతో ఎకరానికి ఏడాదికి 12 వేలు, పంటకు 6 వేలు అయింది.

ఇది లెక్కపెట్టేది ఎకరాన్ని. పేరు తీసుకునేది పట్టాదారు పాసుపుస్తకం నుంచి. రైతు బంధులో ఎకరాలకు పైపరిమితి పెట్టలేదు. రెండెకరాలున్న ఆయనకు ఏడాదికి 20 వేలు వస్తే, యాభై ఎకరాలున్న ఆయనకు 5 లక్షలు వచ్చేవి. ఆయన దున్నాడా, బీడు పెట్టాడా, ఊళ్లో ఉంటాడా, అమెరికాలో ఉంటాడా అనే ప్రశ్నే ఆ లెక్కలో లేదు.

2025 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక మార్పు వచ్చింది. లేఅవుట్లు, రోడ్లు, గుట్టలు, పరిశ్రమలు ఉన్న భూములను తీసేయాలన్నారు. అది మంచిదే. కానీ అక్కడా షరతు "సాగుకు పనికొచ్చే భూమి" అనే. సాగు చేస్తున్న మనిషి ఎవరని అడగలేదు.

మన మొయినాబాద్, చేవెళ్ల సంగతి

ఈ లెక్క మన దగ్గర ఎందుకు ఎక్కువ తేడా చేస్తుందో చెప్తాను. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడటానికి 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో పెద్ద కాలనీలకు, పరిశ్రమలకు అడ్డుకట్ట వేశారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 69 జీవో వచ్చింది. అయితే ఈ పాతికేళ్లలో పట్నం వాళ్లు ఇటువైపు భూములు కొనడం ఆగలేదు. ప్లాట్లు చేయడానికి వీల్లేదు కాబట్టి ఎకరాల్లెక్కన కొన్నారు. కాగితం మీద అది వ్యవసాయ భూమే. ప్రహరీ గోడ, గేటు, లోపల ఒక ఇల్లు, నాలుగు మామిడి చెట్లు ఉన్నా పాసుపుస్తకం మాత్రం రైతుదే.

బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల కింద చేవెళ్ల దాకా వెళ్తూ చూడండి. గోడల మధ్య టమాట, వంకాయ, ఆకుకూరలు, గులాబీ తోటలు కనపడతాయి. చాలాచోట్ల ఆ పంట పండించేవాళ్ల పేరు మీద ఆ భూమి ఉండదు. భూమి కొన్నాయన పట్నంలో ఉంటాడు, అమ్ముకున్న రైతో, పక్క ఊరి నుంచి వచ్చిన కుటుంబమో కౌలుకో పాలుకో చేస్తుంది. పైసలు పట్నంలో పడతాయి.

ఇది ఒక్క మన మండలం మాట కూడా కాదు. రైతు స్వరాజ్య వేదిక 2022లో రాష్ట్రంలో చేసిన సర్వేలో, తాము కలిసిన రైతుల్లో నూటికి 36 మంది దాకా కౌలు చేస్తున్నవాళ్లేనని తేలింది.

కౌలుదారు పేరు కాగితం నుంచి ఎట్లా పోయింది?

పాత పహాణీ చూసినవాళ్లకు గుర్తుంటుంది. అందులో పట్టాదారు అని ఒక గడి, అనుభవదారు అని ఇంకో గడి ఉండేవి. భూమి ఎవరిది, దున్నేది ఎవరు అని రెండూ రాసేవాళ్లు. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చాక అనుభవదారు గడి తీసేశారు. ఆ గడిని అడ్డం పెట్టుకుని తగాదాలు, లంచాలు నడిచిన మాట నిజమే. కానీ గడి పోవడంతో దున్నేవాడి పేరు రాసే ఒకే ఒక్క చోటు కూడా పోయింది.

అసలు ఆసాములు కౌలు కాగితం రాయడానికి భయపడటానికి ఇంకా పాత కారణం ఉంది. నిజాం రాజ్యం పోయిన కొత్తలో, 1950లో వచ్చిన కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది. తర్వాత 38-ఇ సెక్షన్ కింద చాలామంది రక్షిత కౌలుదారులకు ఆ భూమి మీద యాజమాన్య హక్కే వచ్చింది. రంగారెడ్డి జిల్లాలో ఆ కేసులు ఇప్పటికీ కోర్టుల్లో వినపడతాయి. దాంతో "కాగితం రాస్తే భూమి పోతుంది" అనే మాట ఆసాముల ఇళ్లలో నిలబడిపోయింది. పైగా ఆ చట్టం ప్రకారం తెలంగాణలో వితంతువులు, మైనర్లు, వికలాంగులు, సైన్యంలో పనిచేసేవాళ్లు లాంటి కొద్దిమందికే భూమి కౌలుకిచ్చే వీలుందని 2016లో నీతి ఆయోగ్ వేసిన కౌలు నిపుణుల కమిటీ రాసింది. ఆచరణలో ఊరంతా కౌలు నడుస్తోంది, కాగితంలో ఎక్కడా లేదు.

పీఎం కిసాన్: కుటుంబం లెక్క

ఇది 2019 ఫిబ్రవరి 24న మొదలైంది. ఏడాదికి 6 వేలు, 2 వేల చొప్పున మూడు విడతలు. ఇది ఎకరాన్ని లెక్కపెట్టదు, భూమి ఉన్న కుటుంబాన్ని లెక్కపెడుతుంది. భార్య, భర్త, మైనర్ పిల్లలు కలిపి ఒక కుటుంబం. అరెకరం ఉన్నా అంతే, పదెకరాలున్నా అంతే. చిన్న రైతుకు ఈ లెక్క మేలు.

ఇందులో కొందరిని తీసేశారు కూడా. ఆదాయపు పన్ను కట్టినవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగులు (నాలుగో తరగతి వాళ్లు తప్ప), నెలకు 10 వేలు, ఆపైన పింఛను తీసుకునేవాళ్లు, వృత్తిలో ఉన్న డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, మంత్రులు, ఎమ్మెల్యేలు దీనికి అర్హులు కారు. పట్నం ఆసామికి రైతు భరోసా వస్తుంది, పీఎం కిసాన్ చాలావరకు రాదు. తేడా ఇక్కడుంది.

ఒక తేదీ గుర్తుపెట్టుకోండి: 2019 ఫిబ్రవరి 1. ఆ తర్వాత భూమి కొన్నవాళ్లకు ఇది రాదన్నారు. తండ్రి చనిపోయి వారసత్వంగా వచ్చిన భూమికి ఆ అడ్డు లేదు. మన దగ్గర భర్త చనిపోయాక పట్టా మార్చుకోకుండా సాగు చేస్తున్న అక్కలు చాలామంది ఉన్నారు. విరాసత్ చేయించుకోకపోతే రైతు భరోసా, పీఎం కిసాన్, రైతు బీమా మూడూ ఆగిపోతాయి. ముందు ఆ పని చూసుకోండి.

కౌలు రైతుకు మాత్రం ఇందులోనూ చోటు లేదు. సొంతంగా గుంట భూమైనా ఉంటేనే పేరు ఎక్కుతుంది.

ఎరువుల సబ్సిడీ: బస్తా లెక్క

ప్రకృతి సాగు చేసేవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. దేశంలో రైతు పేరు మీద పెట్టే ఖర్చుల్లో పెద్దది ఎరువుల సబ్సిడీ. 2022-23లో అది రెండున్నర లక్షల కోట్లు దాటింది. ఆ తర్వాత ధరలు తగ్గి 2024-25 బడ్జెట్‌లో 1 లక్షా 64 వేల కోట్లు పెట్టారు. పీఎం కిసాన్‌కి అదే బడ్జెట్‌లో పెట్టింది 60 వేల కోట్లు.

ఈ సబ్సిడీ మన ఖాతాలో పడదు. దుకాణంలో వేలిముద్ర వేసి బస్తా తీసుకుంటే, ఆ లెక్క ప్రకారం కంపెనీకి వెళ్తుంది. మనకు 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంది. అంటే ఈ పథకం బస్తాను లెక్కపెడుతుంది. పట్టా ఉన్నా లేకపోయినా బస్తా కొన్న ప్రతి రైతుకూ అందుతుంది. బస్తా కొననివాడికి సున్నా.

ఇప్పుడు మన లెక్క చూడండి. ఎకరానికి 200 లీటర్ల జీవామృతానికి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు మన్ను కావాలి. పదిహేను రోజులకోసారి ఇస్తే ఏడాదికి 24 సార్లు. ఎకరానికి 48 కిలోల బెల్లం, 48 కిలోల పిండి. బెల్లం, పిండి మనం బజారు ధరకే కొనాలి. యూరియా వాడే పక్క రైతుకు సర్కారు సాయం బస్తాలోనే కలిసి వస్తుంది, మనకు డబ్బాలో ఏమీ కలిసి రాదు.

2023లో కేంద్రం పీఎం ప్రణామ్ అని ఒకటి తెచ్చింది. రసాయన ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రానికి, మిగిలిన సబ్సిడీలో సగం గ్రాంటుగా ఇస్తామన్నారు. ఆలోచన బాగుంది. కానీ ఆ డబ్బు వెళ్లేది రాష్ట్రానికి. వాడకం ఆపిన రైతు ఖాతాకి కాదు.

ప్రకృతి సాగుకు ఉన్న పథకాలు

రెండు ముఖ్యమైనవి ఉన్నాయి.

పరంపరాగత కృషి వికాస్ యోజన 2015 నుంచి ఉంది. గుంపుగా చేసే సేంద్రియ సాగుకు మూడేళ్లకు హెక్టారుకు 31,500 రూపాయలు. అందులో 15 వేలు సేంద్రియ ఎరువులు, కషాయాల కోసం నేరుగా రైతు ఖాతాకు వస్తాయి.

రెండోది జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్. 2024 నవంబర్ 25న కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. మొత్తం 2,481 కోట్లు, 15 వేల క్లస్టర్లు, 7.5 లక్షల హెక్టార్లు, కోటి మంది రైతులు అని లక్ష్యం. క్లస్టర్ అంటే 50 హెక్టార్లు, 125 మంది రైతులు. రైతుకు ఎకరానికి ఏడాదికి 4 వేలు, రెండేళ్లు, అదీ ఒక ఎకరం వరకే. మొత్తం మిషన్‌కి 2,481 కోట్లు, ఒక్క ఏడాది ఎరువుల సబ్సిడీకి లక్షా 64 వేల కోట్లు. రెండు అంకెలు పక్కపక్కన రాసుకుని చూడండి, ఇంకేం చెప్పక్కర్లేదు.

అయినా నేను ఈ మిషన్‌ని చిన్నచూపు చూడను. ఇక్కడ లెక్కపెట్టేది భూమిని ఎలా సాగు చేస్తున్నాం అనే విషయాన్ని. మన లెక్కకు దగ్గరగా వచ్చింది ఇదొక్కటే. ఏఈఓని అడిగి మీ దగ్గర క్లస్టర్ ఉందో లేదో, పేర్లు ఎప్పుడు రాస్తారో కనుక్కోండి.

నా భూమి లెక్క

మాటలకంటే లెక్క బాగా అర్థమవుతుంది కాబట్టి నాదే చెప్తాను. నాకు పట్టా ఉన్నది 1 ఎకరం 20 గుంటలు. కౌలుకు చేసేది 3 ఎకరాలు. అది పట్నం సార్‌ది, ఎకరానికి ఏడాదికి 15 వేలు కౌలు.

సొంత భూమికి నాకు రైతు భరోసా 18 వేలు, పీఎం కిసాన్ 6 వేలు. మొత్తం 24 వేలు.
కౌలు 3 ఎకరాలకు నాకు సున్నా. సార్‌కి రైతు భరోసా 36 వేలు, నేను కట్టే కౌలు 45 వేలు. కలిపి 81 వేలు.
ఆ 3 ఎకరాల్లో నేను ఏడాదికి పెట్టే బెల్లం 144 కిలోలు, పిండి 144 కిలోలు. బెల్లం 50 రూపాయలు, పిండి 90 రూపాయలు వేసుకుంటే 20,160 రూపాయలు. కూలీలు, విత్తనం, మల్చింగ్ వేరే.

సార్ మంచివాడే, కౌలు కోసం ఎప్పుడూ వేధించలేదు. ఒకసారి అడిగాను.

"సార్, ఐదేళ్లకు ఒక కాగితం రాసుకుందాం. మన్ను బాగైతది, మీకూ లాభమే."

"కాగితం ఎందుకయ్యా, మాట చాలదా? నిన్ను ఎవరు పొమ్మన్నరు?"

"మీరు పొమ్మనరు సార్. రేపు అమ్ముకుంటే?"

దానికి ఆయన నవ్వి ఊరుకున్నాడు. రసాయన సాగులో ఏడాది కౌలు ఏడాదికే సరిపోతుంది. వేసిన యూరియా ఆ పంటకే పనిచేస్తుంది కాబట్టి వదిలి వెళ్లినా పెద్ద నష్టం లేదు. మన సాగు అట్లా కాదు. వానపాములు రావడానికి, మన్ను మెత్తబడటానికి రెండు మూడేళ్లు పడుతుంది. సేంద్రియ సర్టిఫికెట్‌కి కూడా మార్పిడి కాలం రెండు మూడేళ్లు ఉంటుంది. మూడో ఏడు ఆసామి వేరేవాళ్లకిస్తే మనం పోసిన జీవామృతం అంతా ఆ భూమిలోనే ఉండిపోతుంది. ప్రకృతి సాగు చేసే కౌలు రైతుకు రెండు నష్టాలు: సర్కారు పైసలు రావు, పెంచిన మన్ను మీద హక్కు లేదు.

ఇంకో సంగతి రైతు బీమా. 2018 ఆగస్టు నుంచి ఉన్న ఈ పథకంలో 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. దీనికీ పట్టాయే ఆధారం. సొంత భూమి అసలే లేని కౌలు రైతు పొలంలో పాము కరిచి చనిపోయినా ఆ ఇంటికి ఇది రాదు. పైసల సంగతి పక్కన పెట్టినా, ఈ ఒక్కటి నాకు మింగుడు పడదు.

దున్నేవాణ్ని గుర్తించడం వీలు కాదా?

వీలవుతుంది, ఇంతకుముందు చేశారు కూడా. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో సాగుదారుల చట్టం తెచ్చి కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. ఆ కార్డుతో భూమి మీద హక్కు రాదు, పంట రుణానికి, నష్ట పరిహారానికి మాత్రమే పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, 11 నెలల కార్డు ఇస్తారు. అక్కడ అప్పటి వైఎస్సార్ రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు ఏడాదికి 13,500 ఇచ్చారు. కానీ కార్డుకు భూమి యజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకోని చోట కార్డు రాలేదు. ఒడిశాలో 2018-19లో మొదలైన కాలియా పథకంలో కౌలు, పాలు చేసేవాళ్లను, భూమి లేని కూలీలను కూడా చేర్చారు.

మన దగ్గర కూడా 2023 మార్చిలో వడగళ్లు పడ్డప్పుడు ఎకరానికి 10 వేల సాయం ప్రకటిస్తూ, కౌలు రైతులకూ అందాలని అప్పటి ముఖ్యమంత్రే చెప్పారు. 2023 సెప్టెంబర్ 17న మన జిల్లా తుక్కుగూడ సభలో కాంగ్రెస్ పార్టీ రైతులతో పాటు కౌలు రైతులకూ ఎకరానికి ఏడాదికి 15 వేలు ఇస్తామని హామీ ఇచ్చింది. 2025లో మొదలైనప్పుడు అది 12 వేలు అయింది, పట్టాదారులకే వచ్చింది. భూమి లేని ఉపాధి కూలీ కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద ఏడాదికి 12 వేలు అన్నారు. కాస్త సొంత భూమి ఉండి ఎక్కువ కౌలుకు చేసేవాడు రెండింటి మధ్యలో పడ్డాడు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. యూరప్‌లో సాయం హెక్టారు లెక్కనే ఇస్తారు, అయితే సాగు చేసేవాడి పేరు మీద ఇస్తారు. అక్కడ కూడా పెద్ద కమతాల వాళ్లకే, అంటే నూటికి ఇరవై మందికి, దాదాపు ఎనభై శాతం డబ్బు వెళ్తుందని లెక్కలున్నాయి. పైగా సాయం వస్తుందని తెలిసి భూమి యజమానులు కౌలు పెంచుతారు. కాబట్టి కౌలు రైతు పేరు మీద వేస్తే చాలు, అంతా బాగైపోతుందని నేను అనను. కౌలు కాలానికి, కౌలు రేటుకు ఒక భద్రత కూడా కావాలి.

మనం ఇప్పుడు చేయగలిగినవి

1. పట్టా ఉన్నవాళ్లు విరాసత్, ఆధార్, బ్యాంకు ఖాతా, పీఎం కిసాన్ ఈ-కేవైసీ సరిచూసుకోండి. రైతు బీమాలో నామినీ పేరు మార్చాల్సి ఉంటే మార్పించండి.

2. ఏఈఓ పంటలు నమోదు చేసేటప్పుడు పొలం దగ్గర ఉండండి. కలిపి వేసిన పంటలన్నీ చెప్పండి. ఒక్క పంటే రాసుకుని వెళ్లనివ్వకండి.

3. కౌలు ఫోన్‌లో గానీ, బ్యాంకులో గానీ కట్టండి, "కౌలు, ఫలానా ఏడు" అని రాయండి. చేతికిస్తే రసీదు అడగండి.

4. ఆసామితో రాసుకునే కాగితంలో యాజమాన్యం ఆయనదేనని మొదటి వాక్యంలోనే రాయండి, భయం తగ్గుతుంది. తర్వాత కౌలు రేటు, మధ్యలో తీసుకుంటే మనం వేసిన ఘన జీవామృతం, పందిళ్లు, చెట్లకు ఎంత ఇవ్వాలో రాయండి. రాసే ముందు తెలిసిన వకీలుకు చూపించండి.

5. రైతు భరోసా గురించి ఆసామితో సూటిగా మాట్లాడండి. మొత్తం ఇవ్వకపోయినా కౌలులో కొంత తగ్గించిన ఆసాములు ఉన్నారు.

6. కిసాన్ క్రెడిట్ కార్డుకు కౌలు రైతులు, నోటిమాట మీద కౌలు చేసేవాళ్లు, పాలుకు చేసేవాళ్లు కూడా అర్హులేనని రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లో ఉంది. బ్యాంకులో లేదంటే నలుగురైదుగురు కలిసి ఉమ్మడి పూచీ బృందంగా అడగండి.

7. కొత్తగా కౌలుకు తీసుకునేవాళ్లు, కాలం మీద మాట కుదరకపోతే చెట్ల జోలికి వెళ్లకండి. ఆకుకూరలు, కూరగాయలు, పప్పులు వేసుకోండి. తీసుకెళ్లగలిగే పెట్టుబడి అంటే ఆవు, డ్రమ్ములు, విత్తనం ముందు సమకూర్చుకోండి.

గ్రామసభలో, రైతు వేదికలో మాట్లాడే అవకాశం వస్తే నేను అడిగేవి రెండే. పహాణీలో దున్నేవాడి పేరుకు మళ్లీ ఒక గడి పెట్టండి, దాంతో భూమి మీద హక్కు రాదని చట్టంలోనే రాయండి. యూరియా బస్తా మీద పెట్టే సాయంలో మేము వాడకుండా మిగిల్చిన భాగం మా మన్ను మీద పెట్టండి. మీరూ అడగండి. ఒక్కరు అడిగితే వినకపోవచ్చు, ప్రతి రైతు వేదికలో అడిగితే రాసుకోక తప్పదు.

వచ్చే పాఠంలో కౌలు భూమిలో మొదటి ఏడాదే ఆదాయం ఇచ్చే పంటల వరస, ఏ నెలలో ఏది వేయాలి, బోరు నీళ్లు తక్కువున్న చోట ఎట్లా అనేది చూద్దాం.